ఒక్క పూట భోజనానికి నెల జీతంలో మూడో వంతు పెట్టొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పెళ్లయి పదేళ్లయిన సందర్భంగా మీరూ మీ ఆవిడా బాగా పేరున్న ఒక ఫైన్ డైనింగ్ రెస్టారెంట్‌కి వెళ్లాలనుకుంటున్నారు. ఇద్దరికీ టేస్టింగ్ మెనూ (చిన్న చిన్న వంటకాల్ని, అంటే కోర్సుల్ని, ఒకదాని తర్వాత ఒకటి వడ్డించే భోజనం) బిల్లు మీ నెల జీతంలో మూడో వంతు దాకా వస్తుంది. ఆవిడకి చాలా ఇష్టంగా ఉంది, మీకు మాత్రం మనసొప్పడం లేదు. "అంత డబ్బుకి తగ్గది అక్కడ ఏముంటుంది? అంతా హంగూ ఆర్భాటమేనా?" అన్నారు.

నేను ఇలాంటి వంటగదుల్లో పదకొండేళ్లు పొయ్యి దగ్గర, ఆ తర్వాత ఐదేళ్లు హాల్లో అతిథుల దగ్గర పనిచేశాను. నాకు తెలిసింది దాచకుండా చెబుతాను.

ఒకసారికి పెట్టొచ్చు. కానీ రుచి ఒక్కదాని కోసమే అయితే పెట్టకండి. మంచి మామూలు రెస్టారెంట్‌తో పోలిస్తే బిల్లు పది రెట్లు అవుతుంది, రుచి పది రెట్లు అవదు. రెండు రెట్లు అయినా గొప్పే. చెత్త భోజనానికీ మంచి భోజనానికీ మధ్య తేడా నాలుక మీద పెట్టుకోగానే ఎవరికైనా తెలుస్తుంది. మంచిదానికీ మహా ఖరీదైనదానికీ మధ్య తేడా మాత్రం గమనిస్తేనే తెలుస్తుంది. ఎందుకంటే ఆ పైన మీరు కట్టేదంతా మనుషుల గంటలకి. ఒక పనిని అంత పట్టుదలగా చేసేవాళ్ల మధ్య మూడు గంటలు కూర్చుని చూడాలని మీకు ఆసక్తి ఉంటే వెళ్లండి. లేదంటే అదే డబ్బుతో దాదాపు ఏడాది పాటు నెలకో మంచి భోజనం చేయండి. అది తక్కువ సరదా ఏమీ కాదు.

గంటలకి కట్టడం అంటే ఏమిటో ఒక్క సాస్ కథతో చెబుతాను. నేను చేరిన కొత్తలో ఎనిమిది నెలలు నా పని అదే. పొద్దున ఇరవై కిలోల ఎముకలు ఓవెన్‌లో పెట్టి ముదురు గోధుమ రంగు వచ్చేదాకా కాల్చాలి. ఒక మూల నల్లబడినా చేదు మొత్తానికీ ఎక్కుతుంది కాబట్టి మధ్యలో మూడుసార్లు తిరగెయ్యాలి. తర్వాత చన్నీళ్లు పోసి పెద్ద గిన్నెలో పొయ్యి మీద పెడితే అది మరగకూడదు, ఉడికీ ఉడకనట్టు ఓ పక్క నుంచి చిన్న బుడగ లేస్తూ ఉండాలి. మరిగిందంటే కొవ్వు నీళ్లలో కలిసిపోయి సాస్ మసకబారుతుంది. పైన తేలే నురగని గరిటెతో తీస్తూనే ఉండాలి. పన్నెండు గంటలయ్యాక వడకట్టి, రాత్రంతా చల్లబరిచి, పొద్దున గడ్డకట్టిన కొవ్వు తీసేసి, మళ్లీ పలుచటి గుడ్డలో వడకట్టి, ఇక అప్పుడు మరగబెట్టడం. రెండో రోజు సాయంత్రానికి మిగిలేది లీటరున్నర. చెఫ్ వచ్చి చెంచా ముంచి, దాని వెనకవైపు వేలితో ఒక గీత గీసేవాడు. ఆ గీత చెరగకుండా నిలిస్తే తలూపేవాడు. రెండు వైపులా సాస్ జారి కలిసిపోతే మాట్లాడకుండా గిన్నె మళ్లీ పొయ్యి మీదకి తోసేవాడు. అతిథి ప్లేట్లో పడేది ఒక చెంచాడు. ఆ చెంచాడు పడే కోర్సు మెనూలో ఏడోదో ఎనిమిదోదో, తినడానికి పట్టే సమయం రెండు నిమిషాలు.

ఇలాంటివి ఒక మెనూలో నలభై యాభై ఉంటాయి. ఏడు రకాల ఆకుల్లో ప్రతిదాన్నీ చేత్తో ఏరి, ఒకే సైజువి మాత్రం తడి గుడ్డ మీద పేర్చి పెట్టుకునే కుర్రాడు ఒకడుంటాడు. మధ్యాహ్నం అంతా అతని పని అదే. మామూలు రెస్టారెంట్‌లో ఒక వంటవాడు పూటకి కొన్ని డజన్ల ప్లేట్లు పంపుతాడు. మేము నలభై మంది అతిథులకి వంటగదిలో ఇరవై రెండు మందిమి ఉండేవాళ్లం, హాల్లో మరో పద్నాలుగు మంది. టేబుల్‌కి రాత్రికి ఒకే బృందం. ఆ జీతాలన్నీ ఆ నలభై బిల్లుల్లోంచే రావాలి.

అందుకే "ఓనర్లు దోచుకుంటున్నారు" అని కొందరు అనే మాట నేను ఒప్పుకోలేను. స్పెయిన్‌లోని ఎల్ బుల్లీ ఒకప్పుడు ప్రపంచంలోనే అందరికంటే పేరు మోసిన రెస్టారెంట్. ఏడాదిలో ఆరు నెలలే తెరిచేవాళ్లు, మొత్తం సీజన్‌కి ఎనిమిది వేల మందికే చోటు, సీటు కావాలని అడిగేవాళ్లు లక్షల్లో. అయినా భోజనాల మీద నష్టమే వచ్చేది. దాని చెఫ్ ఫెరాన్ అడ్రియా పుస్తకాలతోనూ ప్రసంగాలతోనూ దాన్ని నెట్టుకొచ్చి 2011లో మూసేశాడు. డెన్మార్క్‌లోని నోమాది దాదాపు అదే దారి. 2003లో మొదలై, ప్రపంచంలో ఉత్తమ రెస్టారెంట్‌గా ఐదుసార్లు నిలిచింది. దాని చెఫ్ రెనె రెడ్జెపీ 2023 జనవరిలో, ఈ తరహా నడపడం ఇక సాగదని చెప్పి, మామూలుగా రోజూ తెరిచే రెస్టారెంట్‌ని ఆపేస్తామని ప్రకటించాడు. బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి నిజమే. ఆ బిల్లు కూడా సరిపోని చోట్లున్నాయి.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది, చెప్పకుండా ముందుకెళ్లలేను. చాలా ఏళ్లుగా ఈ రంగం జీతం లేని కుర్రాళ్ల చేతుల మీద నడిచింది. నేర్చుకుంటారన్న పేరుతో నెలల తరబడి ఉచితంగా పనిచేయించుకోవడం మామూలు విషయంగా ఉండేది. నోమా కూడా తన ఇంటర్న్‌లకి డబ్బివ్వడం మొదలుపెట్టింది 2022 అక్టోబర్‌లోనే. నేనూ ఒక పెద్ద చోట నాలుగు నెలలు పైసా లేకుండా చేశాను. రోజుకి పద్నాలుగు గంటలు, స్టాఫ్ భోజనం నిలబడే తినడం. అక్కడ నేర్చుకున్నది చాలానే ఉంది, కానీ అది న్యాయం కాదు. మీ డబ్బు విలువ లెక్కేసుకునేటప్పుడు ఇది కూడా లెక్కలోకి రావాలని నా కోరిక. పనివాళ్లకి సరిగ్గా జీతమిచ్చే చోటు కొంచెం ఖరీదెక్కువైనా నేను అక్కడికే వెళ్తాను.

రెస్టారెంట్లకి ఇచ్చే మిషలిన్ స్టార్ అంటే ఖరీదని అర్థం కాదు. ఈ మాట చాలామందికి తెలియదు. ఆ స్టార్లు ఇచ్చేది మిషలిన్ టైర్ల కంపెనీ 1900లో కార్లున్నవాళ్ల కోసం వేసిన గైడ్. 1926లో స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టి, 1931లో రెండు, మూడు స్టార్ల వరస తెచ్చింది. వాళ్ల ఇన్‌స్పెక్టర్లు పేరు చెప్పకుండా వచ్చి, బిల్లు కట్టి వెళ్తారు. చూసేది ఐదు సంగతులు: సరుకు నాణ్యత, చేతి పనితనం, రుచుల పొందిక, వంటలో చెఫ్ వ్యక్తిత్వం, ఎప్పుడొచ్చినా అదే స్థాయి నిలబడటం. కుర్చీలూ షాండ్లియర్లూ ఆ లెక్కలో లేవు. 2016లో సింగపూర్‌లో ఒక ఫుడ్ సెంటర్ స్టాల్‌కి ఒక స్టార్ ఇచ్చారు. అప్పట్లో అక్కడ ప్లేటు భోజనం కొద్ది డాలర్లే. కాబట్టి రుచే ముఖ్యమనుకుంటే, తక్కువ ఖర్చులో గొప్పగా వండే చోట్లు వెతుక్కోవడం తెలివైన పని.

సరుకు సంగతి కూడా ఇలాంటిదే. ఖరీదైన భోజనమంటే ఖరీదైన సరుకని జనం అనుకుంటారు. పారిస్‌లో ఆలాన్ పాసార్ 1996 నుంచి మూడు స్టార్లున్న చెఫ్. 2001లో ఆయన తన మెనూలోంచి ఎర్ర మాంసం తీసేసి కూరగాయల్ని మధ్యలో పెట్టాడు. స్టార్లు మూడూ నిలిచాయి, బిల్లూ తగ్గలేదు. బీట్‌రూట్‌నీ ఉల్లిపాయనీ అక్కడ ఎలా పండిస్తారు, ఎలా వండుతారు అన్నదానికే అంతమంది వెళ్లి డబ్బు పెడుతున్నారు.

ఆ లెక్కన మెనూ చదివేటప్పుడు నేను మొదట చూసేది కావియార్ (చేప గుడ్లు), ట్రఫుల్ (ఖరీదైన ఒక రకం పుట్టగొడుగు), బంగారు రేకు ఎన్నిసార్లు కనిపిస్తున్నాయని. ఇవి బిల్లు పెంచడానికి సులువైన దారులు. కావియార్ డబ్బా ఎవరు తెరిచినా ఒకటే, అందులో వంటవాడి ప్రతిభ ఏముంది? ప్రతి రెండో కోర్సులో అవి ఉన్నాయంటే ఆ వంటగది దగ్గర చెప్పడానికి వేరే ఏమీ లేదని నాకు అనుమానం. అదే మెనూలో "క్యారెట్" అనో "ఉల్లిపాయ" అనో ఒక్క మాట రాసి, దానికి పూర్తి కోర్సు ఇచ్చారంటే నేను ధైర్యంగా బుక్ చేస్తాను. చవకైన కూరగాయకి అంత చోటిచ్చారంటే చేతిలో పనితనం ఉండి తీరాలి.

నా విషయానికొస్తే, నన్ను ఈ పనిలో ఇన్నేళ్లు నిలబెట్టింది ఒక ఉల్లిపాయే. ఇరవై మూడేళ్ల వయసులో, దాదాపు నెల జీతం పెట్టి ఒక్కడినే వెళ్లి తిన్నాను. నాలుగో కోర్సులో ఒక తెల్లటి ప్లేటు మధ్యలో సగానికి కోసిన ఉల్లిపాయ, చుట్టూ దాని రసమే, ఇంకేమీ లేదు. పొర విప్పితే లోపలి పొర ఇంకా మెత్తగా, ఇంకా తియ్యగా ఉంది. ఒక్కో పొరకీ ఒక్కో రుచి. బయటి పొరలో కాస్త కమురు, మధ్యలో తీపి, నడిమధ్య భాగంలో పచ్చి ఘాటు కొద్దిగా కావాలనే వదిలేశారు. అప్పటికి నేను మూడేళ్లుగా రోజూ ఉల్లిపాయలు తరుగుతున్నాను, అందులో ఇంత ఉందని నాకు తెలియదు. ఆ రాత్రి పెట్టిన డబ్బు గురించి నేను ఒక్కనాడూ బాధపడలేదు.

ఆరేళ్ల తర్వాత, అంతకంటే ఖరీదైన ఇంకో చోటికి వెళ్లాను. ఇరవై రెండు కోర్సులు, నాలుగు గంటలు. పొగలొచ్చే గాజు గోళాలు, రాయి మీద వడ్డన, ప్రతి కోర్సుకీ ఒక చిన్న ప్రసంగం. పన్నెండో కోర్సు నుంచి నాకు ఏదీ గుర్తు లేదు. కడుపు నిండిపోయింది, నాలుక అలిసిపోయింది. మర్యాదకి తింటున్నాను. ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకుంటే నిద్ర పట్టలేదు, డబ్బు పోయిందన్న బాధకంటే వంటవాళ్ల శ్రమ నా దగ్గర వృథా అయిందన్న బాధ ఎక్కువ.

అది నా ఒక్కడి సంగతి కూడా కాదు. ఏ రుచైనా మొదటి రెండు మూడు ముద్దలే గొప్పగా ఉంటాయి, ఆ తర్వాత మొద్దుబారుతుంది. అమెరికాలో థామస్ కెల్లర్ అనే చెఫ్ చిన్న చిన్న కోర్సులు చాలా వడ్డించే పద్ధతిని కట్టిందే దీని మీద. "ఇంకొంచెం ఉంటే బాగుండు" అనిపించే దగ్గర ఆపేసి, కొత్త రుచి పెట్టడం. కానీ కోర్సు మారినా కడుపు మారదు కదా. నా అనుభవంలో ఎనిమిది నుంచి పన్నెండు కోర్సులు సరైన లెక్క. అంతకు మించిన పెద్ద మెనూ, చిన్న మెనూ రెండూ ఉంటే చిన్నదే తీసుకోండి, డబ్బు మిగలడం సరే, భోజనం కూడా బాగా గుర్తుంటుంది.

ఇంకో నిజం. మీరు కట్టే ధర కూడా మీ రుచిలో ఒక భాగం. 2008లో కాలిఫోర్నియాలో కొందరు పరిశోధకులు, బ్రెయిన్ స్కానర్‌లో పడుకోబెట్టిన మనుషులకి ఒకే వైన్ ఇచ్చి, ఒకసారి పది డాలర్లదనీ ఇంకోసారి తొంభై డాలర్లదనీ చెప్పారు. తొంభై అన్నప్పుడు ఎక్కువ నచ్చిందన్నారు, మెదడులో సంతోషాన్ని నమోదు చేసే భాగం కూడా నిజంగానే ఎక్కువ చురుగ్గా పనిచేసింది. అంటే వాళ్లు అబద్ధం చెప్పలేదు. దీన్ని చూపించి "చూశారా, అంతా భ్రమ" అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఎదురుచూపూ, ముస్తాబవడమూ, ఈ రోజు ప్రత్యేకమన్న భావనా భోజనంలో ఎప్పుడూ కలిసే ఉంటాయి. అయితే ఇది రెండు వైపులా కోస్తుంది. అంత డబ్బు పెట్టాక చిన్న లోపం కూడా మోసంలా అనిపిస్తుంది.

హాల్లో పనిచేసిన ఐదేళ్లలో నేను చూసినదాన్ని బట్టి, భోజనం పాడయ్యేది ఎక్కువగా బిల్లు టెన్షన్ వల్లే. ఒక జంట గుర్తొస్తారు. మీలాగే ఏదో వార్షికోత్సవం. ఆయన ప్రతి కోర్సుకీ గొంతు తగ్గించి "ఇది మెనూలోదేనా, విడిగా పడుతుందా?" అని అడిగేవాడు. నేను ఎన్నిసార్లు "మెనూలోదే సార్" అన్నా ఆయన భుజాలు సడలలేదు. ఆవిడ మొదట్లో ఎంతో ఉత్సాహంగా ఉంది, ఐదో కోర్సుకి ఆయన ముఖం చూస్తూ తినడం మొదలుపెట్టింది. వంటగదిలో ఏ లోపమూ లేదు. ఆ రోజు వాళ్లకి అది మంచి భోజనం మాత్రం కాలేకపోయింది. వాళ్లు వెళ్లాక చాలాసేపు నా మనసు మనసులో లేదు.

దానికి ఎదురుగా ఇంకొకాయన. రిటైరైన టీచర్, ఒంటరిగా వచ్చారు, రెండేళ్లు దాచుకున్నానని చెప్పారు. మొదటి కోర్సులో ఆయన ఎడమచేత్తో కత్తి పట్టుకోవడం మా జూనియర్ గమనించాడు. రెండో కోర్సు నుంచి కత్తి, చెంచా, గ్లాసు అన్నీ ఎడమచేతివాళ్లకి తగ్గట్టు మార్చి పెట్టాడు, ఏమీ అనకుండా. ఆయన రెండు నిమిషాలు టేబుల్ వైపు చూస్తూ ఉండిపోయి, "అరవై ఏళ్లలో ఎవరూ నన్ను అడగకుండా ఇలా పెట్టలేదు" అన్నారు. బిల్లులో దానికి విడిగా వరస ఉండదు. కానీ మీరు కట్టేది దానికే.

కాబట్టి మీ విషయంలో నేను చూసేది మూడో వంతా, నాలుగో వంతా అని కాదు. ఆ డబ్బు పోయినా వచ్చే నెల ఏ ఖర్చూ ఆగకూడదు. అప్పు చేసి, క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టి వెళ్లేట్టయితే వద్దు, ఎంత గొప్ప చోటైనా సరే. విడిగా కొన్ని నెలలు దాచి, ఆ డబ్బు అయిపోయిందని ముందే మనసులో అనేసుకుని వెళ్లండి. ఇంట్లోంచి బయల్దేరేముందే ఆ లెక్క ముగియాలి.

ఖర్చు తగ్గించుకోవడానికి నేను సొంతవాళ్లకి చెప్పే మాటలు కొన్ని ఉన్నాయి. చాలా చోట్ల మధ్యాహ్నం చిన్న మెనూ ఉంటుంది, అదే వంటగది, అవే చేతులు, బిల్లు బాగా తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ముందు సూచించేది అదే. వైన్ పెయిరింగ్ (ప్రతి కోర్సుకీ తగ్గ వైన్ ఇవ్వడం) వద్దనుకుంటే మొహమాటం లేకుండా వద్దనండి. రెస్టారెంట్‌కి మిగులు ఎక్కువగా వచ్చేది డ్రింక్స్ మీదే, బాటిల్ కొన్న ధరకి రెండు మూడు రెట్లు వేయడం ఈ రంగంలో మామూలే. "సప్లిమెంట్" అని రాసినవన్నీ విడిగా పడతాయి. సర్వర్ ఎంత ప్రేమగా అడిగినా అవి లేకుండా మెనూ అసంపూర్ణం కాదు. సర్వీస్ ఛార్జీ, టాక్స్, మంచినీళ్ల బాటిల్ కలిపి మొత్తం ఎంతవుతుందో బుక్ చేసే రోజే ఫోన్‌లో అడిగేయండి. ఇది అడగడం తక్కువతనం ఎంతమాత్రమూ కాదు, మాకు రోజూ వచ్చే ప్రశ్న. క్యాన్సిల్ చేస్తే అడ్వాన్స్ పోతుందా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఆ రోజు మధ్యాహ్నం ఉపవాసం ఉండి మాత్రం వెళ్లకండి. బాగా ఆకలితో వచ్చినవాళ్లు మొదట వచ్చే బ్రెడ్డుతోనే కడుపు నింపేసుకుంటారు, ఆరో కోర్సుకే చేతులెత్తేస్తారు. తేలిగ్గా తిని రండి. వడ్డన మరీ తొందరగా సాగుతుంటే ఒక మాట చెప్పండి, ఆపుతారు. ఏదైనా నచ్చకపోతే ప్లేటు వదిలేసి ఊరుకోకుండా కారణం చెప్పండి. మాకు వంటగదిలోకి తిరిగొచ్చిన ప్లేటు కంటే పెద్ద వార్త ఉండదు, చెఫ్ స్వయంగా రుచి చూసి కారణం వెతుకుతాడు.

ఇక మీ ఆవిడకి ఇష్టంగా ఉందన్నారు కదా, నా మొగ్గు వెళ్లమనే. వెళ్లాలా వద్దా అన్న వాదన మాత్రం ఇంట్లోనే ముగించుకుని వెళ్లండి. బుక్ చేసేటప్పుడు పదో పెళ్లిరోజనీ, ఇలాంటి చోటికి మొదటిసారి వస్తున్నామనీ, తినకూడనివి ఏమున్నాయో అన్నీ చెప్పండి. అలా చెబితే చిన్నచూపు చూస్తారేమోనని చాలామంది దాస్తారు. మేము సాయంత్రం సర్వీస్ మొదలయ్యే ముందు అందరం నిలబడి ఆ రోజు బుకింగులన్నీ ఒక్కొక్కటిగా చదువుకునేవాళ్లం. "టేబుల్ ఆరు, మొదటిసారి" అని వినగానే వంటగదిలో నిశ్శబ్దం అయ్యేది. ఆ బుకింగుల కాగితం పాస్ మీద, అంటే ప్లేట్లు హాల్లోకి వెళ్లే ముందు పెట్టే బల్ల మీద, చెఫ్ కళ్లెదుట అంటించి ఉండేది. ఆ టేబుల్‌కి వెళ్లే ప్రతి ప్లేటునీ ఆయన ఇంకోసారి చూసి పంపేవాడు.